సోమవారం, నీలం కణాలు

రైలు దిగి హాస్టల్‌కి కూడా వెళ్ళకుండా నేరుగా ల్యాబ్‌కే వచ్చాను. ప్లేటు మైక్రోస్కోప్ కింద పెట్టగానే గుండె జారిపోయింది. శుక్రవారం గుండ్రంగా, మెరుస్తూ, గుంపులు గుంపులుగా ఉన్న ఎన్‌కే కణాలు (నాచురల్ కిల్లర్ అనే రోగనిరోధక కణాలు) ఇవాళ ముడుచుకుపోయి అడుగున ఇసుకలా పడి ఉన్నాయి.

అయినా ఆశ చావలేదు. ఓ చుక్క తీసి ట్రైపాన్ బ్లూ కలిపాను. బతికున్న కణం ఆ రంగుని లోపలికి రానివ్వదు, చచ్చినదేమో నీలంగా మారిపోతుంది. కౌంటర్ నొక్కుతూ లెక్కపెట్టాను. వందలో డెబ్బైకి పైగా నీలమే.

నోట్‌బుక్ తీసి చూస్తే అంతా నా చేతిరాతలోనే ఉంది. శుక్రవారం సాయంత్రం, "మీడియా మార్చాను," అంటే కణాలు ఉండే పోషక ద్రవం. దాని పక్కన ప్రతిసారీ రాసే "ఐఎల్-15, మిల్లీలీటరుకి 10 నానోగ్రాములు" అన్న ముక్క మాత్రం లేదు. తెనాలి రైలు అందుకోవాలన్న టెన్షన్‌లో ఆ ఐఎల్-15, అంటే ఇంటర్‌ల్యూకిన్-15 అనే ప్రోటీన్ ట్యూబు ఫ్రీజర్‌లోంచి తియ్యనే లేదు.

ఈ కణాల కోసం రక్తం ఇచ్చిన జూనియర్‌కి చెప్పక తప్పలేదు. "అయితే నా 30 మిల్లీలీటర్లూ గోవిందానా అక్కా?" అన్నాడు. సూది గుచ్చిన చోట కమిలిన మచ్చ ఇంకా పోలేదు పాపం.

మధ్యాహ్నం అమ్మ ఫోన్. "గొంతు అలా ఉందేమే?"

"కణాలు చచ్చిపోయాయమ్మా."

"వాటికి తిండి పెట్టలేదా?"

"తిండికేం తక్కువ లేదు. గ్లూకోజు ఉంది, అమైనో ఆమ్లాలు ఉన్నాయి, సీరం ఉంది. బతకమని చెప్పే ప్రోటీన్ ఒక్కటే వెయ్యలేదు."

అమ్మ కాసేపు ఆగి, "చెప్తేగానీ బతకవా? మొన్న వాటినేగా హంతకులన్నావు?" అంది.

నిజమే, నాచురల్ కిల్లర్ అన్న పేరు వింటే ఎవరి మాటా వినని రౌడీల్లా అనిపిస్తాయి. 1975లో స్టాక్‌హోమ్‌లో కీస్లింగ్, క్లైన్, విగ్జెల్ ఆ పేరు పెట్టింది వేరే ఉద్దేశంతో. ముందు ఏ టీకా, ఏ పరిచయం లేకుండానే ఎలుకల్లోని ఈ కణాలు క్యాన్సర్ కణాలను చంపేశాయి కాబట్టి "సహజం". చంపడం ఒకరు నేర్పక్కర్లేదన్నమాట. బతకడానికి మాత్రం ఇరుగుపొరుగు కణాల మాట కావాలి. ఐఎల్-15 జన్యువు తీసేసిన ఎలుకల్లో ఎన్‌కే కణాలు దాదాపు కనబడవు.

పైగా ఒంట్లో ఆ మాట ఎంత పొందిగ్గా అందుతుందో. డెండ్రిటిక్ కణం (ఇదీ ఒక రోగనిరోధక కణమే) ఐఎల్-15ని ఊరికే రక్తంలోకి వదిలెయ్యదు. ఎక్కువగా తన పైపొర మీదున్న గ్రాహకానికే తగిలించుకుని, పక్కకొచ్చిన ఎన్‌కే కణానికి దగ్గరుండి అందిస్తుంది. ఆ సంకేతం అందినంతసేపూ కణం తనను తాను చంపుకోకుండా ఆపే బీసీఎల్-2 లాంటి ప్రోటీన్లు నిలబడి ఉంటాయి. నేను చేసేది దానికి మోటు నకలు, పిపెట్‌తో ప్లేటు గుంటలో గుమ్మరించడం. అదీ మర్చిపోయాను.

అసలు ఇవాళ చెయ్యాల్సింది టీజీఎఫ్-బీటా అనే మరో ప్రోటీన్‌తో ప్రయోగం. నాకు ఐఎల్-15 కన్నా ఇదే ఆసక్తి. చాలా ట్యూమర్లు దీన్ని బయటికి వదులుతాయి. ఇది ఎన్‌కే కణాన్ని చంపదు, చల్లబరుస్తుంది. శత్రువుని గుర్తుపట్టే ఎన్‌కేజీ2డీ గ్రాహకం పైపొర మీద తగ్గిపోతుంది. కే562 క్యాన్సర్ కణాలను తెచ్చి పక్కన పెట్టినా మునుపటి ఊపుతో మీద పడవు. కాకపోతే ముందే చచ్చిన వాటి మీద ఏం చూస్తాం? ఈ వారానికి ఆ ప్రయోగం అటకెక్కినట్టే. గైడ్‌కి రేపు చెప్తాను, ఇవాళ ఓపిక లేదు.

సాయంత్రం బతికున్న కాసిన్ని కణాలను రెండు గుంటల్లోకి చేర్చాను. కొత్త ట్యూబు ఐస్ మీద కరిగించి, ముందు నోట్‌బుక్‌లో రాసుకుని, తర్వాతే పిపెట్ పట్టుకున్నాను. ప్లేటు మూత మీద "15 వేశాను, 6:40" అని మార్కర్‌తో పెద్దగా రాశాను. బుధవారం చూడాలి.