మచ్చ మధ్యలో సన్న గీత

పోయినేడాది ఆవకాయ రోజుల్లో మొదలైంది నాకు ఈ ఎంఎస్, అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్, ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు, వెన్ను, కంటి నరాల తొడుగుని దెబ్బతీసే జబ్బు. అమ్మ బేసిన్‌లో కారం పోస్తుంటే కుడి కంట్లో ఏదో నలక పడినట్టుందని ఎడమ కన్ను మూసి చూశా, కారం ఎర్రగా లేదు, వెలిసిపోయిన ఇటుక రంగులో ఉంది. కన్ను మార్చి చూస్తే మళ్లీ ఎర్రగా నిగనిగలాడుతోంది. పాత కారం కలిపావా అమ్మా అంటే నాలుగు తిట్టింది. రెండు రోజులకి కన్ను తిప్పితే చాలు నొప్పి, ఎదురుగా ఉన్న మనిషి మొహం మీద మసక.

కళ్ల డాక్టర్ ఆప్టిక్ న్యూరైటిస్ అన్నారు, అంటే కంటి నరం వాచిందట, ఎంఆర్ఐ తీయించమన్నారు. రిపోర్టులో 'నాన్ స్పెసిఫిక్' తెల్ల మచ్చలు అని ఒక్క లైను. నాకు ఇంటర్ నుంచీ మైగ్రేన్ ఉంది కాబట్టి, మొదట చూపించుకున్న న్యూరాలజిస్ట్ అవి మైగ్రేన్ వాళ్లకి మామూలే అని పంపించేశారు. చూపు కూడా దానంతటదే చాలావరకు వచ్చేసింది, నేనూ మర్చిపోయా. ఇంకో మూడు నెలలకి ఎడమ కాలికి సాక్స్ వేసుకున్నట్టు తిమ్మిరి, చెప్పు జారిపోయినా తెలిసేది కాదు.

రెండో డాక్టరమ్మ రిపోర్టు పక్కన పెట్టి సీడీ పెట్టి చూశారు, అదే నాకు నచ్చింది. మచ్చ ఉందా లేదా కాదమ్మా, ఎక్కడుంది, ఎలా ఉంది అనేది చూడాలి అన్నారు. మెదడులో నీళ్లుండే గదుల అంచున, పైపొరని ఆనుకుని, కింద బ్రెయిన్ స్టెమ్, చిన్న మెదడు దగ్గర, వెన్నుపాములో, ఈ నాలుగింట్లో కనీసం రెండు చోట్ల ఉంటే ఎంఎస్ అనుమానం గట్టిపడుతుందట, ఎంఎస్ అవునో కాదో తేల్చడానికి డాక్టర్లు వాడే మెక్‌డొనాల్డ్ రూల్స్‌ని 2024లో సవరించినప్పుడు కంటి నరాన్ని కూడా ఐదో చోటుగా కలిపారు. మళ్లీ ఎంఆర్ఐ, 3 టెస్లా అనే గట్టి అయస్కాంతం ఉన్న మిషన్‌లో, ఈసారి వెన్నుతో కలిపి, గంట పైనే పట్టింది, చెవుల్లో దూది పెట్టినా సుత్తితో కొడుతున్నట్టే. కొత్త మచ్చలు వెలిగి కనబడేలా చేసే కాంట్రాస్ట్ మందు ఎక్కించినప్పుడు చెయ్యి చల్లబడింది. వెన్నులో ఒక మచ్చ వెలిగింది, తల లోపలివి వెలగలేదు, అంటే అది కొత్తది, ఇవి పాతవి.

కానీ మైగ్రేన్ డౌట్ తీర్చింది మాత్రం సిరలు నల్లగా కనబడేలా తీసే ఎస్‌డబ్ల్యుఐ అనే ఇంకో రకం ఎంఆర్ఐ తీత. అందులో నా తెల్ల మచ్చల్లో చాలావాటికి నడిమధ్యన నల్లగా సన్న గీత. ఎంఎస్ మచ్చ చిన్న సిర చుట్టూ మొదలవుతుందట, ఆ గీత ఆ సిరే, మైగ్రేన్ చుక్కలకి సాధారణంగా అలా గీత ఉండదు. గదుల అంచు నుంచి వేళ్లలా నిలబడే మచ్చల్ని డాసన్ ఫింగర్స్ అంటారు, ఎడిన్‌బరోలో డాసన్ అనే ఆయన 1916లోనే రాశాడు, అవీ సిరల వెంటే. ఇంట్లో ఇది చెప్పడం ఇంకో కష్టం, మన దగ్గర సూది గుచ్చేదీ నరమే, కంటిదీ నరమే, ఏ నరం వాచిందే అని అమ్మ పదిసార్లు అడిగింది.

వెన్నులో నీరు తీసి చూస్తే ఆలిగోక్లోనల్ బ్యాండ్స్ ఉన్నాయి, అంటే ఎంఎస్ వాళ్లలో తరచూ కనబడే ప్రోటీన్ గీతలు, ఎంఎస్‌లాగే కనబడే వేరే జబ్బుల కోసం చేసే ఆక్వాపోరిన్, మోగ్ (MOG) టెస్టులు నెగిటివ్. మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకి 1 గ్రాము చొప్పున ఐదు రోజులు సెలైన్‌లో ఎక్కించారు, నోరంతా తుప్పు పట్టిన ఇనుము రుచి, నిద్ర లేదు, అర్ధరాత్రి రెండింటికి కూర్చుని అల్మారాలు సర్దా. తిమ్మిరి నెలన్నరకి తగ్గింది. ఇప్పుడు కొత్త ఎటాక్‌లు తగ్గించే డైమిథైల్ ఫ్యూమరేట్ మాత్ర రోజుకి రెండు, వేసుకున్న కాసేపటికి మొహం ఎర్రబడి మండుతుంది, ఏమన్నా తిన్నాక వేసుకుంటే నయం. ఎండలో తిరిగితే కుడి కన్ను మళ్లీ మసకేస్తుంది, నీడకొచ్చి చల్లబడితే పోతుంది, అది కొత్త ఎటాక్ కాదని తెలిసేదాకా హడలిపోయేదాన్ని.

మొన్న తీసిన స్కాన్‌లో కొత్త మచ్చ లేదు. పాతవి అలాగే ఉన్నాయి. ఈసారి ఆవకాయ కలిపేటప్పుడు అమ్మే కారం గిన్నె నా ముందు పెట్టి, ఎడమ కన్ను మూసుకో, ఎలా ఉందో చెప్పు అంది. కొంచెం పాలిపోయి ఉంది. బాగానే ఉందన్నా. అయితే ఇంకోసారి తీయిస్తే ఆ మచ్చలు కూడా పోతాయేమో కదే అంటుంది.