కొమ్ము విరిగిన నంది

హిరమండలం రిజర్వాయరులో మునిగిన ఊళ్లలో మా నాన్న పుట్టిన ఊరు ఒకటి. పరిహారం వచ్చింది, పంపకాలయ్యాయి, పంపకాలతో పాటు రావలసిన మనస్పర్థలూ వచ్చాయి. సమాధుల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎనభై దాటాక నాన్నకు అదే ధ్యాస పట్టుకుంది. "మీ తాతయ్యను మెట్టూరు తీసుకెళ్లారట. ఎక్కడ పెట్టారో చూసి రామ్మా" అని పోరు పెట్టారు. శివరాత్రి దాటగానే విశాఖలో బస్సెక్కాను.

మాది జంగం కుటుంబం. మాలో చనిపోయినవారిని దహనం చేయరు. గొయ్యి తీసి, పద్మాసనంలో కూర్చోబెట్టి, ఎడమ అరచేతిలో ఇష్టలింగం, అంటే బతికున్నన్నాళ్లూ ఒంటి మీద ధరించిన చిన్న లింగం, ఉంచి, విభూతి, మారేడు దళాలు వేసి పూడుస్తారు. పైన చిన్న అరుగు కట్టి లింగాన్నో నందినో పెడతారు. రాతి మీద పేరు చెక్కించే అలవాటు మా ఇంట్లో లేదు. చెరువు గట్టు మొదట్లో తాతమ్మ, ఆవిడ పక్కన ముత్తాత, ఆ తర్వాత తాతయ్య అని ఊరందరికీ తెలిసినప్పుడు పేరెందుకు? ఆ వరసే వాళ్ల చిరునామా. అందుకే నాన్న పాత క్యాలెండరు కాగితం వెనక పెన్సిలుతో ఏడు గళ్లు గీసి, ఒక్కో గడిలో ఒక్కో వరస రాసి ఇచ్చారు. చివరి గడిలో "చంటివాడు" అని ఉంది. నాన్నకు ఒక తమ్ముడు పుట్టి పోయాడన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సు నిండా ముఖలింగం చక్రతీర్థానికి వెళ్లే జనం. అక్కడి దేవుడు ఇప్ప చెట్టు మొదలులో వెలిశాడని, అందుకే మధుకేశ్వరుడని మా వాళ్లు చెబుతారు. నాన్న చిన్నతనంలో ఏటా వంశధారలో ఆ స్నానానికి నడిచే వెళ్లేవారట. నేను ఆ రద్దీ తప్పించుకుని కొత్తూరు బస్సు పట్టుకున్నాను. అలికాం-బత్తిలి రోడ్డు సంగతి జిల్లావాసులకు చెప్పనక్కరలేదు, మిగతావారికి చెప్పినా నమ్మరు.

హిరమండలంలో దిగి ముందు రిజర్వాయరు గట్టెక్కాను. వంశధార మీద గొట్టా బ్యారేజీ ఎప్పటినుంచో ఉంది. ఎగువన నేరడి దగ్గర ఇంకో బ్యారేజీ కట్టాలంటే ఒడిశాతో పేచీ. అది తెగక, భామిని మండలం కాట్రగడ దగ్గర సైడ్ వియర్, అంటే నది ఒడ్డున పక్కకు నీళ్లు పొర్లే గోడ, కట్టి, వరద నీటిని కాలువలో మళ్లించి ఇక్కడ నింపాలని రెండో దశ పనులకు 2005లో శంకుస్థాపన చేశారు. జలాశయం సామర్థ్యం 19 టీఎంసీలు. పాడలి, ఇరపాడు, తులగాం లాంటి పల్లెలు దాని అడుగున పడ్డాయి. దిగువన ఎన్నో మడులు తడుస్తున్నాయి, కాదనను. కానీ గట్టు మీద నిలబడి నాన్న కాగితం తెరిస్తే ఏ మూల చింతచెట్టు, ఏ మూల చెరువు? చెరువు కూడా నీళ్ల కింద మునగడం ఏమిటో, అదో వింత.

కొత్తూరులో అన్నయ్య బండి మీద ఎక్కించుకున్నాడు. మెట్టూరు పునరావాస కాలనీని బిట్-1, బిట్-2 అని పిలుస్తారు. పెదనాన్న, అంటే నాన్న పెదనాన్నగారి అబ్బాయి, అరుగు మీద చోడి అంబలి తాగుతూ కనిపించారు. నాకూ ఒక గ్లాసు పోయించి, తాగేదాకా అసలు విషయం ఎత్తనివ్వలేదు.

"ఊరు ఖాళీ చేయించేటప్పుడు ఇళ్లు కొలిచారు, బావులు కొలిచారు, కొబ్బరి చెట్లు కూడా లెక్కపెట్టారు. సమాధులు అడిగిన నాథుడు లేడు. మేమే ట్రాక్టరు మాట్లాడుకున్నాం" అన్నారు. 2013 భూసేకరణ చట్టం చూస్తే, కొత్త ఊరికి ఇవ్వవలసిన వసతుల జాబితాలో శ్మశాన స్థలం ఉంది. ఇక మీదట పోయేవాళ్లకు అది సరే. ముందే పోయినవాళ్లు ఆ జాబితాకు అందలేదు.

"ఎముకలు కూడా తీశారా పెదనాన్నా?"

"కూర్చున్న మనిషిని లేపుతారా అమ్మా? తప్పు కదూ."

తీసింది మట్టి. ఒక్కో సమాధి నుంచి దోసెడు మట్టి కొత్త ముంతలోకి ఎత్తి, మూతికి గుడ్డ కట్టి, శంఖం ఊదించి బయల్దేరదీశారు. అదే ట్రాక్టరులో ద్వారబంధాలు, మంచాలు, పెంకులు, వాటి మధ్య ధాన్యం బస్తాల మీద లింగాలు. దించేసరికి చీకటి పడింది. ఏ ముంత ఏ రాయిదో దీపం వెలుగులో పోల్చుకుని పాతారు. "పోల్చుకున్నామనే అనుకున్నాం" అని పెదనాన్నే సవరించారు.

కాలనీ చివర సర్కారు తుమ్మ నరికి చదును చేసిన చోట, ఒకే సిమెంటు అరుగు మీద వరసగా రాళ్లు. లెక్కపెట్టాను, ఐదే. తాతమ్మను ఆనవాలు పట్టడం తేలిక, ఆవిడ లింగం పానవట్టానికి ఒక పక్క పెచ్చు లేచిపోయిందని నాన్న రాశారు. వేలు పెట్టి తడిమితే సున్నం పొరల కింద ఆ గుంట తగిలింది. ఆవిడ పక్కన ఇప్పుడు నాయనమ్మ ఉంది. బతికున్నన్నాళ్లూ ఒకరి చేతి నీళ్లు ఒకరు తాగని అత్తాకోడళ్లు. మూడు గళ్ల ఎడం కాస్తా ట్రాక్టరు దిగేసరికి జానెడైంది.

చంటివాడిని తేలేదు. వాడి మీద లింగం లేదు, గుర్తుకు పెట్టిన గులకరాయి ఎన్నడో మట్టిలో కలిసిపోయింది. మరి తాతయ్య?

పెదనాన్న ఏమీ మాట్లాడకుండా నన్ను వీధి మలుపులో రావి చెట్టు దగ్గరికి తీసుకెళ్లారు. చెట్టు మొదట్లో నంది, ఒళ్లంతా పసుపు, నుదుట కుంకుమ, మెడలో వాడని బంతిపూల దండ. ఎడమ కొమ్ము సగానికి విరిగి ఉంది, మొండి మీద సిమెంటు ముద్ద. తాతయ్య పోయేనాటికి నాన్నకు తొమ్మిదేళ్లు. సమాధి మీద నందిని ఎక్కి ఊగి కొమ్ము విరగ్గొట్టింది ఆయనే.

"ఆ రాత్రి ట్రాక్టరులోంచి ఇది ఇక్కడ దించాం. తెల్లవారి వచ్చేసరికి వేరే ఊరివాళ్లెవరో బొట్టు పెట్టేశారు. బొట్టు పెట్టిన దేవుణ్ని తీసుకుపోతానంటే ఊరుకుంటారా? ముంత కూడా ఇక్కడే పాతేశాను" అన్నారు.

అంతలో ఒకావిడ చెంబుతో నీళ్లు తెచ్చింది. "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది. మునిగిన వాటిలో ఏ ఊరని. చెప్పాను. తన కూతురికి పదకొండు సోమవారాలు ఈ స్వామికి నీళ్లు పోశాక సంబంధం కుదిరిందని, నన్నూ పోయమని చెంబు చేతికిచ్చింది. పెదనాన్న నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. నేను చెప్పదలచుకోలేదు కూడా. చెబితే ఆవిడకు దేవుడు పోతాడు, మాకు కొత్తగా వచ్చేదేమీ లేదు. నీళ్లు పోశాను.

నాన్నకు ఫోను చేశాను. ఆయన మొదట కొమ్ము సంగతి అడిగారు. ఏ పక్క విరిగిందో, సిమెంటు ఉందో లేదో రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత ఆ పెళ్లి సంగతి చెబితే పగలబడి నవ్వారు.

"మా నాన్నా! సొంత చెల్లెలి పెళ్లికే అలిగి గడ్డివాము వెనక పడుకున్నాడని మా అమ్మ చెప్పేది. ఇప్పుడు ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లు చేస్తున్నాడా?"