ఒకే ఆట, రెండు తెరలు: సమీక్షల పని ఎంతవరకు వచ్చింది

ఒకే వీడియో గేమ్‌ను కన్సోల్‌లో ఒకసారి, ఫోనులో ఒకసారి ఆడి విడివిడిగా సమీక్షించాలని మొదలుపెట్టిన పని గాడిన పడింది. స్టార్‌డ్యూ వ్యాలీ పూర్తయింది, డెడ్ సెల్స్ చివరికి వచ్చింది. ఇకపై ఏ ఆటకూ ఒకే మార్కు ఇవ్వను. ఏ పరికరంలో ఆడామో చెప్పని మార్కు, డబ్బు పెట్టి కొనేవారిని తప్పుదారి పట్టిస్తుంది.

ఎరిక్ బరోన్ ఒక్కరే తయారుచేసిన వ్యవసాయ ఆట స్టార్‌డ్యూ వ్యాలీ 2016లో కంప్యూటర్లకు, 2017లో నింటెండో స్విచ్ కన్సోల్‌కు, 2018లో ఐఫోన్లకు, 2019లో ఆండ్రాయిడ్‌కు వచ్చింది. స్విచ్‌లోని పొలాన్ని ఫోనులోకి తెచ్చుకునే వీలు లేదు. అందుకే రెండింటిలోనూ కొత్త పొలం మొదలుపెట్టి, వసంతకాలం 28 రోజులూ ఆడాకే పోల్చాను. ఆటలో ఒక రోజంటే మన గడియారంలో సుమారు 14 నిమిషాలు. స్విచ్‌లో పాత్ర నిద్రపోతేనే ఆట సేవ్ అవుతుంది. మధ్యలో ఇంకో ఆట తెరిస్తే ఆ రోజు చేసిన పనంతా పోయినట్టే. ఫోనులో మధ్యాహ్నం వదిలేసినా ఆగిన చోటి నుంచి అందుకోవచ్చు. బస్సులో ఆడేవారికి ఈ ఒక్క తేడా చాలు.

ఫోనులో రాయిని తాకితే గునపం, ఎండిన మడిని తాకితే నీళ్ల డబ్బా దానంతటదే చేతికొస్తుంది. సేద్యం హాయిగా సాగుతుంది. చేపలు పట్టడం మాత్రం కంట్రోలర్‌తోనే బాగుంటుంది. ఆకుపచ్చ పట్టీని చేప వెంట పైకీ కిందికీ నడపాలంటే వేలికి బటన్ నొక్కుడు తెలియాలి. అద్దం మీద అది తెలియదు.

డెడ్ సెల్స్‌కు ఎక్కువ సమయం పట్టింది, పట్టాలి కూడా. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరానికి చెందిన మోషన్ ట్విన్ సంస్థ 2018లో కన్సోళ్లకు విడుదల చేసిన పోరాట ఆట ఇది. ప్లేడిజియస్ అనే సంస్థ దీన్ని 2019లో ఐఫోన్లకు, 2020లో ఆండ్రాయిడ్‌కు తెచ్చింది. చస్తే మళ్లీ మొదటికే. శత్రువు దెబ్బను సరిగ్గా ఆ క్షణాన డాలుతో తిప్పికొట్టాలి. కాబట్టి బటన్‌కూ తెరకూ మధ్య ఆలస్యాన్ని కొలవకుండా తీర్పు చెప్పడం అన్యాయం.

కొలిచే పద్ధతి ఇది. ఇంకో ఫోనుతో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ వీడియో తీస్తాను. బొటనవేలూ తెరా రెండూ వీడియోలో పడాలి. తర్వాత ఒక్కో ఫ్రేమూ జరుపుతూ, వేలు తాకిన క్షణం నుంచి పాత్ర డాలు ఎత్తే వరకు లెక్కపెడతాను. ఒక్కో ఫ్రేము సుమారు 4 మిల్లీసెకన్లు. పలుమార్లు తీసి మధ్య విలువను రాసుకుంటాను. టీవీలో ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ పెట్టకుండా కొలవకూడదు: ఆలస్యం టీవీది, నింద కన్సోల్‌కు! ఫోనును ఛార్జింగ్‌లో పెట్టి కూడా కొలవను, వేడెక్కితే వేగం పడిపోతుంది.

నా ఫోనులో అసలు చిక్కు ఆలస్యం కాదు, బొటనవేళ్లే. తెర కింది మూలల్లో నిలబడ్డ శత్రువు వేలి చాటున కనబడడు. చూడకుండా నొక్కితే వేలు బటన్ అంచు దాటి జారిపోతుంది. ఆటలో బటన్ల చోటు, పరిమాణం మార్చుకోవచ్చు. పల్టీ బటన్‌ను బాగా పెద్దది చేసి, డాలు బటన్‌ను అంచు నుంచి లోపలికి జరిపాక చేయి కుదిరింది. శత్రువు దగ్గరికొస్తే దానంతటదే కొట్టే ఆటో హిట్ కూడా ఉంది. దాన్ని పిల్లల ఆట అని తీసిపారేయడం నాకు నచ్చదు. కొట్టే పని దానికి వదిలేస్తే తప్పించుకోవడం మీదే మనసు పెట్టవచ్చు, ఈ ఆటకు ప్రాణం అదే. బ్లూటూత్ కంట్రోలర్ కలిపితే ఫోను కన్సోల్‌కు చాలా దగ్గరగా వస్తుంది. అయినా సమీక్షలో ముందు రాయాల్సింది వట్టి చేతుల అనుభవమే. ఫోను కొన్న అందరి దగ్గరా కంట్రోలర్ ఉండదు.

తర్వాతి వంతు గెన్‌షిన్ ఇంపాక్ట్‌ది. ప్లేస్టేషన్‌లోనూ ఫోనులోనూ ఒకే ఖాతాతో ఆడవచ్చు కాబట్టి రెండుసార్లు మొదలుపెట్టే శ్రమ లేదు. ఉచిత ఆట కాబట్టి కొలవాల్సింది వేరు: బహుమతులు అందుకోవడానికి ఖర్చయ్యే రెజిన్ అనే శక్తి ఒక్కొక్కటి నిండటానికి 8 నిమిషాలు, లాటరీలా తీసే పాత్రల్లో అరుదైన ఐదు నక్షత్రాల పాత్రకు గట్టి హామీ 90వ ప్రయత్నంలో. ఒక్క రూపాయీ పెట్టకుండా కథ ఎంత దూరం సాగుతుందో, ఆట ఎక్కడెక్కడ కొనమని అడుగుతుందో నోటు పుస్తకంలో ఇప్పటికే గడులు గీసి పెట్టుకున్నాను.