పడమటింటి గోడ

నిద్ర పట్టడం లేదు కనుక రాస్తున్నాను. పడమటింటి గోడకు నాలుగడుగుల ఎత్తు వరకు ఉన్న సిమెంటు పూతను చెక్కించి, గోడను కొన్ని వారాలు అలాగే ఆరనిచ్చి, ఆ తరువాత డంగు సున్నం పూయాలని మా పాత ఇంటిని బాగుచేయిస్తున్న ఆర్కిటెక్టు ఈ ఉదయం చెప్పి వెళ్ళారు. చెప్పింది నాకు కాదు, మేస్త్రీకి. నేను అమలాపురం నుంచి వచ్చేసరికి సగం గోడకు ఇటుకలు బయటపడి ఉన్నాయి. నాన్న ఆబ్దికం మాఘమాసంలో వస్తుందని, ఆ లోగా ఇల్లు సిద్ధం కావాలని ఆవిడకు మొదటిరోజే చెప్పాను. డంగు సున్నమంటే నానబెట్టాలి, ఇసుకతో కలిపి గానుగలో మెత్తగా నూరాలి, కరక్కాయా బెల్లమూ ఊరిన నీళ్ళు చేర్చాలి, పలుచగా ఒక పూత వేసి అది ఆరిన తరువాతే రెండోది వేయాలి. సిమెంటయితే నాలుగు రోజుల్లో అప్పగిస్తానండీ అని మేస్త్రీ అన్నప్పుడు, నిజం చెప్పాలంటే, నేను అతని పక్షమే. ఆవిడ పదిహేను రోజులకొకసారి వస్తారు. వచ్చినప్పుడల్లా ప్లానులో ఏదో ఒకటి మారుతుంది. మారిన సంగతి నాకు పనివాళ్ళ నోట తెలుస్తుంది. మండువా మీద రేకులు వేయవద్దన్నప్పుడు సంతోషంగానే ఒప్పుకున్నాను గాని, ఈ పద్ధతిని మాత్రం ఒప్పుకోలేను.

ఆ సిమెంటు పూత నాన్న చేయించినది. 1996 నవంబరు 6 రాత్రి తుఫానుకు పెంకులు లేచిపోయి, గోడల సున్నం తడిసి పెచ్చులుగా రాలిపోయింది. పడిపోయిన కొబ్బరిచెట్లను అయినకాడికి అమ్మి నాన్న సిమెంటు బస్తాలు తెచ్చారు. ఇసుక తానే జల్లించారు. పూత ఆరిపోకుండా పొద్దునా సాయంత్రమూ ఆయన గోడ మీద నీళ్ళు చల్లుతూ ఉంటే, నూతి దగ్గరనుంచి నేను బిందెతో మోసుకొచ్చి అందించేదాన్ని. చివరి రోజున పచ్చి సిమెంటు మీద మేకుతో ‘సంక్రాంతి 1997’ అని గీశారు. ఇక తుఫానుకు భయం లేదే అమ్మాయీ అన్నారు.

ఇంతవరకూ కోపంతోనే రాశాను. కాని సాయంత్రం బయటపడ్డ ఇటుకను తాకితే పిండిలా చేతికి వచ్చిన సంగతి రాయకుండా ఆపడం న్యాయం కాదు. దానికి పైన, ముత్తాతగారి నాటి సున్నం మిగిలిన చోట, గోడ ఇప్పటికీ గట్టిగా, నున్నగా ఉంది. నేలలోని చెమ్మ ఇటుకల్లోకి ఎక్కుతుంది; సున్నమయితే దాన్ని గాలిలోకి వదిలేస్తుంది, సిమెంటు వదలదు కనుక అది లోపలే నిలిచి ఇటుకను చవుడు పట్టిస్తుంది. ఏటా సంక్రాంతికి ముందు రంగు వేయించి, అది ఉబ్బి రాలిపోతే మేము రంగునే నిందించాము. నాన్నది తప్పని మాత్రం అనను. అప్పటికి మా ఊళ్ళో సున్నపు గానుగ తిరగడం ఆగిపోయింది, ఊరంతా సిమెంటే వాడింది.

ఆవిడ చెప్పింది సరైనదే. ముందుగా నాకు చెప్పకపోవడం సరికాదు, ఈ మాట రేపు ఆవిడతోనే అంటాను.

తేదీ గీసిన ముక్కను మేస్త్రీ ఇంకా ముట్టుకోలేదు. చుట్టూ జాగ్రత్తగా కోసి పలకలా తీయవచ్చని, చెమ్మ ఎక్కని లోపలి గోడలో దాన్ని అమర్చమంటారా అని ఆవిడ సాయంత్రం ఫోనులో అడిగారు. జవాబు చెప్పకుండా పెట్టేశాను. అమ్మను అడగాలి. గోడ చెక్కారని అమ్మకు ఇంకా తెలియదు.