అడ్రియాటిక్‌లో మా బోటు కాపురం: నా అనుభవం

2021 మే నెలలో వరసగా నాలుగు శనివారాలు ఇంగ్లండులో సౌతాంప్టన్ పక్కన హాంబుల్ నదిలో బెర్తు (బోటు కట్టుకునే చోటు) అద్దెకి తీసుకుని ఉంచిన మా బోటు దాకా వెళ్లి, లోపల కూర్చుని టీ తాగి ఇంటికొచ్చేశాం. బయట ఒకటే గాలీ వానా. నాలుగోసారి మా ఆవిడ ఫ్లాస్కు మూత బిగిస్తూ, "ఈ టీ ఏదో కారులో కూర్చుని తాగితే బెర్తు అద్దె మిగిలేది కదండీ" అంది. బోటుని అడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉన్న క్రొయేషియాకి తరలించాలన్న ఆలోచన అక్కడ మొదలైంది.

బోటు అంటే పెద్ద షిప్పేమీ కాదు. తొమ్మిదిన్నర మీటర్ల మోటారు బోటు, 2006లో తయారైంది, మేం సెకండ్ హ్యాండులో కొన్నాం. రెండు డీజిల్ ఇంజన్లు, వెనక నీళ్లలోకి దిగి ఉండే, ప్రొపెల్లర్లు బిగించిన రెండు స్టెర్న్‌డ్రైవ్ కాళ్లు. ఆ కాళ్ల గురించి తర్వాత చెబుతాను, చాలా చెప్పాలి.

సౌతాంప్టన్ ముందున్న సోలెంట్ జలసంధిని తిట్టుకోవడానికి మాత్రం నాకు నోరు రాదు. బోటు నడపడం నేర్చుకున్నది అక్కడే. సౌతాంప్టన్‌లో ప్రతి పోటూ రెండుసార్లు వస్తుంది. నీరు నిండి, కాస్త తగ్గినట్టే తగ్గి, మళ్లీ నిండుతుంది. హర్స్ట్ కోట దగ్గర ఇరుకులో పెద్ద పోట్ల రోజుల్లో ప్రవాహం నాలుగు నాట్లు, అంటే గంటకి సుమారు ఏడున్నర కిలోమీటర్లు, దాటుతుంది. టైము లెక్క తప్పి వెళ్తే ఇంజన్లు అరుస్తూనే ఉంటాయి, ఒడ్డున కోట మాత్రం కదలదు. వేసవి చివర్లో పెద్ద ఆటు వచ్చినప్పుడు నడి సముద్రంలో బ్రాంబుల్ బ్యాంక్ అనే ఇసుక తిన్నె బయటపడుతుంది. రెండు యాట్ క్లబ్బుల వాళ్లు ఏటా దాని మీద క్రికెట్ ఆడతారు. నీళ్లు మళ్లీ ఎక్కేలోపు ఆట ముగించాలి. ఇలాంటివి ఇంకెక్కడ దొరుకుతాయి?

కానీ నీళ్లు ఆగస్టులో కూడా 18 డిగ్రీల దగ్గరే. పిల్లలు ఒకసారి దూకేవాళ్లు, రెండోసారి దూకమంటే నా మొహం చూసేవాళ్లు. అక్టోబరు వస్తే ఇంజన్లలో యాంటీఫ్రీజ్ పోసి, లోపల డీహ్యుమిడిఫయర్ పెట్టి, ఏప్రిల్ దాకా ఊరికే అద్దె కట్టడం. దాంతో 2022లో లెక్కలు వేసి, 2023 వసంతానికి బోటుని క్రొయేషియాలో ట్రోగిర్ దగ్గరికి పంపాలని నిర్ణయించుకున్నాం. స్ప్లిట్ విమానాశ్రయం పక్కనే ఉంటుంది, అదే ముఖ్య కారణం.

ఇక కాగితాల కథ.

బ్రెగ్జిట్ (బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావడం) తర్వాత బోటుకీ మనిషికీ వేరు వేరు గడియారాలు. 2020 డిసెంబరు 31న యూరోపియన్ యూనియన్ నీళ్లలో ఉన్న బోట్లకి అక్కడి వ్యాట్ కట్టేసినట్టే అన్న హోదా నిలిచింది. మాది ఆ రోజు ఇంగ్లండులో ఉంది కాబట్టి పోయింది. అక్కడ మళ్లీ వ్యాట్ కట్టకుండా ఉంచాలంటే 'టెంపరరీ అడ్మిషన్' (తాత్కాలిక అనుమతి) కింద 18 నెలలు. ఆలోపు బోటు యూనియన్ దాటి బయటికి వెళ్లాలి. మాకేమో బ్రిటిష్ పాస్‌పోర్టు మీద ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులే. పైగా 2023 జనవరిలో క్రొయేషియా షెంగెన్‌లో (ఒకే వీసా, ఉమ్మడి సరిహద్దు ఉన్న యూరప్ దేశాల కూటమి) చేరింది. కాబట్టి ఈస్టరు సెలవులకి స్పెయిన్ వెళ్లిన రోజులు కూడా అదే లెక్కలో పడతాయి.

అప్పుడే నాన్నగారూ అమ్మా ఇండియా నుంచి వచ్చి మా దగ్గర ఉన్నారు. నాన్నగారు ముప్పై ఏళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. డైనింగ్ టేబుల్ మీద నా కాగితాల గుట్ట చూసి ఆయన కళ్లు మెరిశాయి. "పంచింగ్ మెషిను ఉందేంట్రా?" అన్నారు. ఆ సాయంత్రానికి అట్ట ఫైలు, ఆకుపచ్చ ట్యాగు, పైన ఆయన చేతి రాతతో ఇండెక్సు తయారయ్యాయి. అమ్మకం పత్రం, మొదటి యజమాని కొన్నప్పటి వ్యాట్ బిల్లు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, రేడియో లైసెన్సు, రేడియో వాడటానికి నా సర్టిఫికెట్, బోటు నడపడానికి ఐసీసీ.

"ఐసీసీ అంటే క్రికెట్టు వాళ్లదే కదా, వాళ్లు బోటుకెందుకిస్తారు?" అన్నారు. అది ఇంటర్నేషనల్ సర్టిఫికెట్ ఆఫ్ కాంపిటెన్స్ అనీ, ఇంగ్లండులో దాన్ని రాయల్ యాటింగ్ అసోసియేషన్ ఇస్తుందనీ చెప్పాను. ఇంగ్లండులో సముద్రం మీద సరదాకి బోటు నడపడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదనీ, క్రొయేషియాలోనే అడుగుతారనీ చెబితే నమ్మలేదు. రిజిస్ట్రేషను విషయంలో మాత్రం ఆయనే నన్ను పట్టుకున్నారు. స్మాల్ షిప్స్ రిజిస్టర్ కాగితం బోటు ఏ జెండా కిందిదో చెబుతుంది గానీ ఎవరి సొత్తో చెప్పదు. ఆయన రెండుసార్లు చదివి, "ఇది పట్టా కాదురా, అడంగల్ లాంటిది. అమ్మకం పత్రం ఒరిజినల్ దగ్గర పెట్టుకో" అన్నారు. నిజంగానే ఎవరూ ఇంత తేలిగ్గా నాకు చెప్పలేదు.

లారీ సంగతి త్వరగా చెప్పేస్తా. బోటు వెడల్పు 3.2 మీటర్లు. ఇంగ్లండు రోడ్ల మీద 2.9 దాటితే ముందుగా పోలీసులకి తెలియజేయాలి. ట్రాన్స్‌పోర్టరే అదంతా చూసుకున్నాడు. ఎగుమతి కాగితం, దారిలో దేశాలు దాటడానికి ట్రాన్సిట్ కాగితం కూడా ఆయనే చేయించాడు. ఎగుమతి కాగితం కాపీ ఒకటి నాన్నగారు పట్టుబట్టి ఫైల్లో పెట్టించారు.

2023 ఏప్రిల్ 12న ట్రోగిర్‌లో క్రేను బోటుని నీళ్లలో దించింది. కస్టమ్స్‌లో తేదీ పడింది. హార్బర్ మాస్టర్ ఆఫీసులో ఐసీసీ, రేడియో సర్టిఫికెట్, ఇన్సూరెన్సు చూశారు. భద్రతా రుసుమూ టూరిస్టు పన్నూ కట్టించుకున్నారు. కిటికీ అవతల ఉన్నావిడ ఫైలు ట్యాగుని వేళ్లతో తిప్పి చూసి నవ్వింది. నేను ఫోటో తీసి నాన్నగారికి పంపాను.

మొదటి వేసవి బాగా గడిచింది. నీళ్లు 25 డిగ్రీలు. పిల్లలు పొద్దున్న లేవగానే దూకేవాళ్లు, వేళ్లు ముడతలు పడినా ఎక్కేవాళ్లు కాదు. ఆటుపోట్లు అడుగుకి అటూ ఇటూ. రాత్రి తాళ్లు సర్దుకోవలసిన పనే లేదు. అయితే ఖర్చు తగ్గుతుందని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. బెర్తు అద్దె కొంచెం తక్కువే, కానీ విమానం టికెట్లు కలిపితే ఆ తేడా కరిగిపోతుంది. పైగా ఇంగ్లండులో సరదా బోట్లకి ఇంకా ఎర్ర డీజిల్ (రంగు కలిపిన, సుంకం తక్కువ డీజిల్) దొరుకుతుంది. 60 శాతం నడపడానికి, 40 శాతం హీటరుకి అని రాసిచ్చి, నడిపే వాటా మీదే పూర్తి సుంకం కడతాం. అక్కడ అలాంటి వెసులుబాటు లేదు. వంట గ్యాసు సిలిండరు కూడా ఇంగ్లండుది అక్కడ మారదు. రెగ్యులేటరు మార్చి నీలం రంగు క్యాంపింగ్‌గాజ్ పెట్టించాం.

బోటు కట్టే పద్ధతి మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. అక్కడ పక్కకి కట్టరు. వెనక్కి వెళ్లి గట్టుకి వీపు ఆనించి, నీటి అడుగున ఉన్న తాడు పైకి లాగి ముందు భాగానికి బిగించాలి. ఆ తాడు నిండా బురద, నాచు, చిన్న గుల్లలు. చేతి తొడుగు లేకుండా పట్టుకుంటే అరచెయ్యి బ్లేడుతో గీసినట్టు తెగుతుంది. రెండో వారంలోనే తాడు లాగుతున్నారని చూడకుండా గేరు వేశాను. ప్రొపెల్లరుకి చుట్టుకుంది. ఇంజను ఠక్కుమని ఆగిపోయింది. పక్క బోటు జర్మన్ పెద్దాయన ఏమీ అనకుండా ఈత కళ్లజోడు పెట్టుకుని, నోట్లో కత్తి కరుచుకుని దిగాడు. తప్పు పూర్తిగా నాదే.

ఇక ఆ కాళ్లు. వెచ్చని నీళ్లలో ఉంచాలనుకునే వాళ్లు ఈ ఒక్క పేరా జాగ్రత్తగా చదవండి. హాంబుల్‌లో ఏడాదికోసారి పైకి తీస్తే ఆకుపచ్చ పాకుడు, అక్కడక్కడా గుల్లలు. ప్రెషర్ వాషరుతో అరగంట పని. ట్రోగిర్‌లో అక్టోబరులో బోటు పైకి లేపేసరికి స్టెర్న్‌డ్రైవుల మీద తెల్లటి సున్నపు గొట్టాలు, వానపాముల్లా మెలికలు తిరిగి, ఒకదాని మీద ఒకటి. అవి ట్యూబ్ వార్మ్స్, గొట్టం కట్టుకుని బతికే సముద్రపు పురుగులు. నీళ్లు పీల్చుకునే సన్నటి రంధ్రాల్లోకి కూడా దూరాయి. ఆగస్టు చివర్లో ఎడమ ఇంజను వేడెక్కుతుంటే ఇంపెల్లరు (చల్లబరిచే నీళ్ల పంపులో తిరిగే రబ్బరు చక్రం) మార్చి ఊరుకున్నాను. అసలు కారణం ఇదన్నమాట. మూడు రోజులు ప్లాస్టిక్ గరిటెతో, స్క్రూడ్రైవరుతో, పాత టూత్‌బ్రష్షుతో గీకాను. గీకుతుంటే చేపల బజారు వాసన. వాడకుండా బెర్తులో వదిలేసిన వారాల్లోనే అవి పట్టుకుంటాయి. ప్రొపెల్లరు కడ్డీ నేరుగా బోటు అడుగు నుంచి బయటికొచ్చే షాఫ్టు డ్రైవు ఉన్న బోటుకి ఇంత బాధ ఉండదు. పైన ఎండకి కాన్వాసు దారాలు చిట్లాయి. జుగో అనే ఆగ్నేయపు గాలితో పాటు వచ్చే వాన సహారా దుమ్ము మోసుకొచ్చి డెక్కంతా ఇటుకపొడి రంగు పూసి పోయేది.

ఇంకో చిక్కు. ఫ్రాంక్‌ఫర్టులో ఉండే మా బావమరిది, "బావా, మీరు రాని వారం మేం వాడుకుంటాం" అన్నాడు. కుదరదు. టెంపరరీ అడ్మిషన్ మీద ఉన్న బోటుని యూనియన్‌లో నివసించేవాళ్లు యజమాని లేకుండా సొంతంగా వాడుకోకూడదు. నేను నియమం చెబుతుంటే, ఇవ్వడం ఇష్టం లేక సాకులు చెబుతున్నానని వాడనుకున్నాడు. రెండు నెలలు ముభావంగా ఉన్నాడు.

2024 అక్టోబరు 12తో పద్దెనిమిది నెలలు నిండుతాయి. దగ్గర్లో యూనియన్ బయట దేశం మాంటెనెగ్రో. సెప్టెంబరు చివర్లో రెండు వారాలు సెలవు పెట్టి, అమ్మానాన్నలని కూడా తీసుకుని బయల్దేరాం. హ్వార్, కోర్చులా దీవుల దాకా సాఫీగా సాగింది. కోర్చులాలో జుగో పట్టుకుంది. అది బురా అనే ఈశాన్యపు గాలిలా ఒక్కసారిగా మీద పడదు, రోజురోజుకీ పెరుగుతుంది. మేం వెళ్లాల్సిన దిక్కు నుంచే అలలు. రెండు రోజులు కదల్లేదు. అమ్మ హాయిగా పులిహోర కలిపింది, నాకేమో గడువు టెన్షన్.

ఆ ఖాళీలో నాన్నగారు అలవాటుగా అందరి పాస్‌పోర్టులూ తిరగేశారు. "ఏరా, మా షెంగెన్ వీసాలో ఎంట్రీలు ఒకటి అని ఉందేంటి?"

నా గుండె జారింది. వాళ్లవి ఇండియన్ పాస్‌పోర్టులు. మాంటెనెగ్రో వెళ్తే తిరిగి క్రొయేషియాలోకి రానివ్వరు. బోటు గడియారం గురించి ఏడాదిన్నరగా ఆలోచించిన నేను మనుషుల గడియారం చూసుకోలేదు. చివరికి ఇద్దరినీ, పిల్లలతో సహా, సరిహద్దుకి ముందున్న క్రొయేషియా రేవు ట్సావ్‌టాట్‌లో ఒక గది తీసుకుని దించి, మేమిద్దరమే వెళ్లాం. ట్సావ్‌టాట్‌లో హార్బర్ మాస్టర్, పోలీసు, కస్టమ్స్, మూడు స్టాంపులు. స్టాంపు పడ్డాక ఆలస్యం చేయకుండా నీళ్లలోకి వెళ్లిపోవాలి. ప్రెవ్లాకా కొమ్ము దాటి కోటోర్ అఖాతంలోకి తిరిగి మాంటెనెగ్రో రేవు జెలెనికా చేరేసరికి గంటన్నర. అక్కడ మళ్లీ అదే తంతు. రాత్రి అక్కడే ఉండి, డీజిల్ పోయించి, ప్రతి రసీదూ దాచాం. నాన్నగారు గట్టిగా చెప్పి పంపారు. మర్నాడు ట్సావ్‌టాట్ కస్టమ్స్ ఆఫీసరు ఎక్కడికెళ్లారని అడిగితే స్టాంపులతో పాటు డీజిల్ బిల్లు కూడా చూపించాను. అతను కొత్త తేదీ రాసిచ్చాడు. గట్టు మీద పిల్లలు, వాళ్ల వెనక నాన్నగారు ఫైలు పట్టుకుని ఉన్నారు.

ఆ శీతాకాలం క్యాలెండర్లు తీసి లెక్క చూసుకున్నాం. హాంబుల్‌లో చివరి ఏడాది బోటు మీద 31 రోజులు, సగం పూటలు కూడా కలిపి. క్రొయేషియాలో 2024లో 29. రోజులు దాదాపు అంతే. మారిందల్లా, అక్కడ ప్రతి రోజూ మూడు నెలల ముందు టికెట్టు కొన్న రోజే. 2025 జూన్‌లో ఒక రాత్రి పదకొండింటికి మెరీనా (బోట్లు కట్టే రేవు) నుంచి ఫోను, బోటులో అలారం మోగుతోందని. నిజానికి షవరు నీళ్ల పంపు ఫ్లోటు ఇరుక్కుంది, అంతే. హాంబుల్ అయితే కారెక్కి నలభై నిమిషాల్లో ఉండేవాణ్ణి. ఆ రాత్రి మాత్రం తెల్లారేదాకా మునిగిపోయిన బోటే కళ్ల ముందు. మా ఆవిడకి ఇంకా అక్కడే ఉంచాలని ఉండేది. నాకు మాత్రం ఆ ఫోనుతో మనసు విరిగింది.

2025 అక్టోబరులో మళ్లీ లారీ. ఇంగ్లండుకి వచ్చేటప్పుడు వ్యాట్ మళ్లీ పడకూడదంటే బోటు ఇక్కడి నుంచే వెళ్లిందనీ, ఇక్కడ వ్యాట్ ముందే కట్టారనీ చూపించాలి. మూడేళ్ల లోపే తెచ్చాం కాబట్టి అది సులువయింది. అడిగిన రెండు కాగితాలూ ఫైల్లోనే ఉన్నాయి: ఆ మొదటి వ్యాట్ బిల్లూ, ఎగుమతి కాపీ, నాన్నగారి ఇండెక్సులో రెండూ తొమ్మిదీ నంబర్లు. ఇండియాకి ఫోను చేసి చెబితే నాన్నగారు అవతల కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ ఫైలు పారేయకురా, ట్యాగుకి ఇంకా చోటుంది" అన్నారు.

స్టెర్న్‌డ్రైవుల మీద మిగిలిన సున్నపు మచ్చలు ఇంకా గీకుతున్నాను.