సేలంలో లేని సేలం

ముందే చెబుతున్నా, ఇప్పుడు మ్యూజియంగా ఉన్న అమెరికా యుద్ధనౌక యూఎస్‌ఎస్ సేలం చూద్దామని అమెరికాలోని సేలం ఊరికి రైలెక్కకండి. ఆ ఊరు బోస్టన్‌కి ఉత్తరాన, మంత్రగత్తెల బొమ్మలు అమ్ముకుంటూ ఉంటుంది. ఓడేమో దక్షిణాన క్విన్సీలో, తను పుట్టిన ఫోర్ రివర్ షిప్‌యార్డులోనే ఉంది. రాసేది క్విన్సీ, అక్కడివాళ్లు పలికేది క్విన్‌జీ. క్యాబ్ రేటు చూస్తే కళ్లు తిరిగాయి. బోస్టన్ మెట్రో రెడ్ లైన్‌లో క్విన్సీ సెంటర్ దాకా వెళ్లి, హింగమ్ వైపు పోయే 220 బస్సెక్కితే సరిపోతుంది. తెరిచి ఉంచే రోజులు మాత్రం ముందే కనుక్కోవాలి.

వైజాగ్ బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ చూసిన అలవాటుతో వెళితే ఇక్కడ కుదరదు. అందులో ఈ చివర ఎక్కి, తిన్నగా నడిచి, ఆ చివర దిగిపోతాం. అది 91 మీటర్లు, ఇది 218. పైగా ఇక్కడ నడక సగం నిలువునే. నిచ్చెనల్లాంటి ఇనుప మెట్లు దిగేటప్పుడు మెట్లకేసి ముఖం పెట్టి, రెండు చేతులా కమ్మీలు పట్టుకోవాలి. ఇనుప గడపలు సరిగ్గా ముంగాలికి తగిలే ఎత్తులో ఉంటాయి. చెప్పులేసుకుని వెళితే ఇక మీ ఇష్టం.

రోజంతా తినేసింది మాత్రం టరెట్లే, అంటే ఫిరంగులు బిగించిన, గుండ్రంగా తిరిగే ఉక్కు గదులు. మొత్తం మూడు. ఒక్కోటి 450 టన్నులు, ఒక్కోదానికి ఎనిమిది అంగుళాల వ్యాసమున్న ఫిరంగులు మూడేసి. సేలంని హెవీ క్రూయిజర్ అంటారు; ఆ పేరు ఓడ బరువును బట్టి రాలేదు, ఈ ఎనిమిది అంగుళాలను బట్టి వచ్చింది. పాత క్రూయిజర్లలో గుండును పంపే పేలుడు మందు గుడ్డ సంచుల్లో ఉండేది. పేల్చిన ప్రతిసారీ ఫిరంగిని నింపే కోణానికి తెచ్చి, గుండు తోసి, సంచులు తోసి, మళ్లీ పైకెత్తాలి. నిమిషానికి మూడు నాలుగు గుండ్లు పేలితే గొప్ప. రెండో ప్రపంచయుద్ధంలో సాలమన్ దీవుల దగ్గర రాత్రి యుద్ధాల్లో, మెరుపులా తిరిగే జపాన్ డిస్ట్రాయర్ల ముందు ఆ వేగం చాలలేదు. అందుకే సేలంలో సంచి పోయి, మందు నింపిన ఇత్తడి గొట్టం వచ్చింది. గుండూ, గొట్టమూ కింది నుంచి లిఫ్టుల్లో వస్తాయి; ఫిరంగి ఏ కోణంలో ఉన్నా యంత్రమే లోపలికి తోసి, పేలాక ఖాళీ గొట్టాన్ని టరెట్ బయటికి నెట్టేస్తుంది. ఫిరంగికి నిమిషానికి పది. తొమ్మిదీ కలిసి పేలితే, 152 కిలోల గుండు చొప్పున, నిమిషానికి 13 టన్నుల పైచిలుకు ఇనుము!

ఇందులోనూ ప్రమాదముంది. దీని జోడు ఓడ న్యూపోర్ట్ న్యూస్ 1972 అక్టోబర్ 1న వియత్నాం తీరంలో ఉండగా, రెండో టరెట్ నడిమి ఫిరంగిలో గుండు ఫిరంగి నాళం దాటకముందే పేలింది. గుండును పేల్చే ఫ్యూజులో లోపం. లిఫ్టులో వరసగా ఎక్కుతున్న మందు గొట్టాలకీ నిప్పంటుకుంది. 20 మంది పోయారు. ఆ టరెట్‌ని మళ్లీ బాగుచేయలేదు.

సేలం మాత్రం 1949 నుంచి 1959 దాకా కొలువు చేసి, ఒక్కసారీ శత్రువు మీద పేల్చలేదు. 1953 ఆగస్టులో గ్రీసు అయోనియన్ దీవుల్లో భూకంపం వస్తే, అందరికంటే ముందు చేరిన అమెరికా ఓడ ఇదే. తన సరుకే పంచిపెట్టింది.

ఇంకో ముచ్చట. 1956లో వచ్చిన ఓ బ్రిటిష్ సినిమాలో జర్మన్ యుద్ధనౌక గ్రాఫ్ స్పీగా నటించింది సేలమే. 1939లో అసలు గ్రాఫ్ స్పీతో పోరాడిన, న్యూజిలాండ్ దళానికి చెందిన అకిలీస్ అనే ఓడ అప్పటికే మన ఐఎన్‌ఎస్ ఢిల్లీ. ఆ సినిమాలో తన పాత్ర తనే వేసింది. 1978లో ఢిల్లీని తుక్కుకి అమ్మేశాం. దాని టరెట్ ఒకటి చూడాలంటే ఆక్లండ్ వెళ్లాలి.