అమ్మ కిడ్నీని నా ఒళ్ళు పరాయిదనుకుంది

మాది పర్లాకిమిడి. ఊళ్ళో బోర్డులు ఒడియాలో ఉన్నా ఇంట్లో తెలుగే, పెద్ద జబ్బొస్తే పాతపట్నం దాటి విశాఖ పోవాల్సిందే. నాకు అమ్మ కిడ్నీ అక్కడే పెట్టారు. పొత్తికడుపులో కుడివైపు ఉంటుంది, చెయ్యి వేస్తే గట్టిగా తగులుతుంది.

కిడ్నీ పెట్టిన ఏడో నెలలో, సరిగ్గా రథయాత్రప్పుడు, టాక్రోలిమస్ అయిపోయింది. ఒళ్ళు కొత్త కిడ్నీ మీద తిరగబడకుండా రోజూ వేసుకోవాల్సిన మాత్ర అది. మా ఊరి మందుల షాపులో లేదు, విశాఖ నుంచి బస్సులో వేయించిన పార్సిల్ ఆలస్యమై మూడు రోజులు మాత్ర పడలేదు. వచ్చాక మళ్ళీ మొదలుపెట్టి ఊరుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. అదే నా తప్పు. నొప్పి లేదు, జ్వరం లేదు, మూత్రం మామూలుగానే వస్తోంది. రెండు వారాలకు రక్తపరీక్ష చేయిస్తే 1.1 ఉండే క్రియాటినిన్ (కిడ్నీ సరిగా వడకట్టకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) 2.3 అయింది. ఆ కాగితం పట్టుకుని ల్యాబ్ మెట్ల మీదే కూలబడ్డాను.

కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ చేశారు. స్కాన్‌లో చూస్తూ సూది దింపితే టక్‌మని శబ్దం వచ్చింది, తర్వాత పొట్ట మీద ఇసుక సంచి పెట్టి కదలొద్దన్నారు. రిజెక్షన్ అని, అంటే నా ఒళ్ళు ఆ కిడ్నీ మీద తిరగబడిందని తేలింది. డాక్టరుగారు బొమ్మ గీసి చెప్పారు: మన కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తులుంటాయి, అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం. అమ్మ గుర్తుల్లో సగమే నాకొచ్చాయి, మిగతా సగం నా ఒంటికి కొత్త. వాటిని చూసి టి కణాలు, అంటే ఒంటిని కాపాడే ఒక రకం తెల్లరక్తకణాలు, వైరస్ పట్టిన కణాన్ని చంపినట్టే, కిడ్నీ కణాల్నీ చంపుతాయి. నా బయాప్సీలో అవి కిడ్నీలోని సన్నటి గొట్టాల గోడల్లోకి దూరి కనిపించాయట. టి కణం లోపల కాల్సిన్యూరిన్ అనే ఎంజైము పనిచేస్తేనే ఐఎల్-2 అనే సంకేత ప్రొటీన్ తయారవుతుంది, అది ఉంటేనే టి కణాల మంద పెరుగుతుంది. టాక్రోలిమస్ ఆ కాల్సిన్యూరిన్‌నే ఆపుతుంది. మూడు రోజులు ఆ అడ్డు లేకుండా పోయింది.

"తొమ్మిది నెలలు మోసినదాన్ని, నా కిడ్నీ నీకు పరాయిదెలా అయింది నాన్నా?" అంది అమ్మ. గుర్తుల సంగతి చెప్పబోయాను, గొంతు పెగల్లేదు.

మూడు రోజులు సెలైన్‌లో మిథైల్ ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించారు. నిద్ర పట్టలేదు, షుగర్ పెరిగింది, కానీ క్రియాటినిన్ మెల్లగా 1.4కి దిగి అక్కడే ఆగింది. మళ్ళీ 1.1 చూడలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా మార్పిడి జరిగి ఉంటే, ఒక్క పూట మాత్ర తప్పినా ఆసుపత్రికి ఫోన్ చేయండి, ఏమీ అనిపించడం లేదు కదా అని ఆగకండి. నేనిప్పుడు నెల రోజుల మందు ముందే తెప్పించి పెట్టుకుంటున్నాను. రక్తంలో మందు ఎంతుందో చూసే లెవెల్ పరీక్ష ఉన్న రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోవాలి కాబట్టి, ఆ పొద్దున అమ్మ స్ట్రిప్పును కొంగుకి ముడేసుకుని ల్యాబ్ బయట నిలబడుతుంది.